కాలవ గట్టుకు పోయే కోడలు

కిందటి వారం కమలినిని కాలవ గట్టు మీద వదిలి వచ్చాం. రెండు చేతుల్లో రెండు కుక్కల తాళ్లు. పుత్తూరు నుంచి తిరుపతి పోయే బస్సు వంతెన దగ్గర నెమ్మదించింది. కిటికీలో ముందు తిరునామం కనబడింది, తర్వాత దాని కింద రెండు కళ్లు. భర్త అన్నగారు దేవనాథన్. ఆయన చూశారు. ఆయన చూశారని ఆమె కూడా చూసింది. బస్సు వెళ్లిపోయింది.

ఇప్పుడే కథలోకి వచ్చినవారికి ఇంకో నాలుగు మాటలు. వడమాలపేటలోని ఆ ఇంట్లో అత్తగారు వకుళాదేవి పక్షవాతంతో మంచాన ఉంది. ఎడమ పక్కంతా పడిపోయింది, మాట ముద్దగా వస్తుంది, బుర్ర మాత్రం భేషుగ్గా ఉంది. ఆమెకు తినిపించేది, తుడిచేది, పక్క మార్చేది కోడలు కమలిని ఒక్కతే. భర్త వాసుదేవ్ తిరుపతిలో గుమాస్తా. పొద్దున బస్సెక్కితే చీకటి పడ్డాకే రాక. సాయంత్రం గంగులమ్మ అనే ఆవిడ వచ్చి పెద్దావిడ దగ్గర కాసేపు కూర్చుంటుంది. రోజు మొత్తం మీద ఆ కాసేపే కమలినిది.

ఆ కాసేపట్లో ఆమె కాలవ గట్టుకు పోతుంది. కాలవంటే నీళ్లు పారేదని అనుకునేరు. ఎప్పుడో తవ్వారు, నీళ్లు వస్తాయని అప్పట్నుంచీ చెబుతూనే ఉన్నారు. వాన పడితే అక్కడక్కడా మడుగులు కడతాయి, అంతే. గట్టు మాత్రం నడవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. పక్క మామిడి తోపులో రూతు అనే రిటైరైన నర్సు దిక్కులేని కుక్కల్ని సాకుతోంది. రోజంతా కట్టేసి ఉంటే వాటికి పిచ్చెక్కుతుందని, ఊళ్లో ఎవరికి తీరికుంటే వాళ్ల చేతికి తాడిచ్చి తిప్పుకు రమ్మంటుంది. కమలిని తిప్పేది గుండును, మౌనిని. గుండు పొట్టిది, ఊరికే అరుస్తుంది. మౌని నల్లగా, పొడుగ్గా ఉంటాడు, అసలు మొరగడు. పోయిన వానాకాలం ఎవరో వంతెన కమ్మీకి కట్టేసి పోయారు. వాడి కింద మడతపెట్టిన పాత పంచె పరిచి ఉంది.

"వదిలిపెట్టినోడు ఏడ్సుకుంటా వదిలిపెట్టినాడు కమలినీ. లేకుంటే పంచె ఎందుకు పరుస్తాడు?" అంటుంది రూతు.

మగవాళ్లు ఎవరు ఎదురొచ్చినా మౌని కమలిని కాళ్ల వెనక దాక్కుంటాడు. బిస్కెట్ చూపించినా, బతిమాలినా ఒక్క మగవాడి దగ్గరికీ పోడు.

ఇదీ సంగతి. ఇక ఈ వారం.

మర్నాడు పొద్దున్నే దేవనాథన్ దిగారు. ధనుర్మాసం, మంచు ఇంకా విడలేదు. మడి పంచె, పైన ఉత్తరీయం, చేతిలో తులసి పొట్లం. తిరుపతిలో కోవెలలో పాశురాలు చదివే గోష్ఠిలో ఆయన గొంతుకు మంచి పేరుంది. భార్య పోయాక ఆయన అక్కడ ఒక్కరే ఉంటున్నారు, ఇంకెవరి చేతి వంటా తినరు. ఈ ఇంటికి ఎప్పుడో గాని రారు. వచ్చినప్పుడు మాత్రం తీర్పు చెప్పకుండా పోరు. రాత్రి ఫోన్ చేసి తమ్ముడి చేత ఆఫీసుకు సెలవు పెట్టించారు కూడా. సెలవు పెట్టి అమ్మకు ఒక పూట అన్నం తినిపించమంటే కుదరని వాసుదేవ్‌కు ఈ సెలవు ఎలా కుదిరిందో ఆయన్నే అడగాలి.

"కమలినీ, ఇట్లా రామ్మా," అన్నారు దేవనాథన్, హాల్లో కుర్చీలో కూర్చుని.

చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"నిన్న బస్సులో పోతా చూసినాను."

"తెలుసు బావగారూ. నేనూ మిమ్మల్ని చూసినాను."

ఆమె తడబడుతుందని, తల వంచుతుందని ఆయన లెక్క. తల వంచలేదు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఎవరివి ఆ కుక్కలు?"

"ఎవరివీ కాదు. అందుకే నడిపిస్తా ఉండాను."

"ఎన్నాళ్లుగా?"

"అత్తయ్యను ఎత్తడం, దించడం నా ఒక్కదాని పనైనప్పట్నుంచి."

వాసుదేవ్ గోడ మీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు. ఇంట్లో మాట పెరిగినప్పుడల్లా ఆయనకు తిథి, నక్షత్రం గుర్తొస్తాయి.

"ఎల్లుండి ఆదివారం కూడారై పండగ," అన్నారు దేవనాథన్. "వీధి కోవెలకు ఆ రోజు నెయ్యి పొంగలి మన ఇంటి నుంచే పోవాల. తాతల నాటి నుంచి వస్తా ఉండే మర్యాద. ఏ చేతుల్తో చేస్తావమ్మా? కుక్కను నిమిరిన చేతుల్తోనా?"

"గట్టు నుంచి వచ్చి పెరట్లో తలమీద నీళ్లు పోసుకోకుండా గడప లోపలికి వచ్చిందే లేదు నేను. ఈ చలిలో కూడా. మీరు కావాలంటే గంగులమ్మను అడగండి."

"స్నానంతో పోయే మైల కాదు అది. మన వంశంలో ఎవరైనా కుక్కను తాకినారా?"

కమలినికి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. రెంటిలో కోపమే గెలిచింది.

"పోయినేడు అత్తయ్య చెయ్యి విరిగితే పుత్తూరు తీసుకుపోయింది ఎవరు బావగారూ? మీరే కదా. అక్కడి ఎముకల వైద్యులు కోడిగుడ్డు సొన పూసి కట్టు కట్టినారు. ఆ కట్టుతోనే మీరు అత్తయ్యను పెరుమాళ్ గది గడప దగ్గర కూర్చోబెట్టినారు. అప్పుడు మడి యాడికి పోయింది?"

"అది వైద్యం!"

"ఇదీ నాకు వైద్యమే."

లోపలి గదిలో మంచం కిర్రుమంది. పెద్దావిడ వింటోందని ముగ్గురికీ తెలిసింది.

"వాదన వద్దు," అన్నారు దేవనాథన్, ఈసారి గోష్ఠి గొంతుతో. "గట్టుకు పోవడం నిన్నటితో ఆఖరు. కావాలంటే ఆ టైములో కోవెలకు పో, ప్రదక్షిణలు చెయ్. గట్టుకు పోనని నాకు మాటివ్వు."

"ఇవ్వను."

ఆ ఇంట్లో ఆడవాళ్ల నోట ఆ మాట అంత పొట్టిగా ఎప్పుడూ రాలేదు. వాసుదేవ్ క్యాలెండర్ నుంచి తల తిప్పాడు.

"పొద్దున లేచింది మొదలు ఈ ఇంట్లో అందరికీ ఏం కావాల్నో నాకు తెలుసు," అంది కమలిని. "నాకేం కావాల్నో ఒక్కరూ అడగలా. నేనూ అడగలా. నాకు ఆ కాసేపు చాలు. ఆ తాడు పట్టుకోని నడుస్తా ఉంటే అవి నన్ను మందెప్పుడని అడగవు, కాఫీ ఏదని అడగవు. నడిస్తే చాలంటాయి. నేను దాన్ని వదులుకోను బావగారూ. కోవెలకు కూడా పోతాను, అది నా ఇష్టమొచ్చినప్పుడు."

దేవనాథన్ లేచి నిలబడ్డారు. "అయితే విను. పుణ్యాహవచనం అయ్యేదాకా నువ్వు మైల. ఆదివారం నేనే వచ్చి చేయిస్తాను. అప్పటిదాకా పెరుమాళ్ గది ముట్టొద్దు, వంటిల్లు ముట్టొద్దు, అమ్మను ముట్టొద్దు."

ఇక్కడ ఆయన చేసిన పొరపాటేమిటో చెప్పాలి. ఇలాంటి మాట ఆయన ఇదివరకు చాలా ఇళ్లలో అన్నారు. అన్నచోటల్లా ఇల్లాలు ఏడుస్తుంది, కాళ్ల మీద పడుతుంది, ఇంకెప్పుడూ చెయ్యనంటుంది. ఈయన మెత్తబడి నాలుగు చుక్కలు తులసి నీళ్లు చల్లి, పో అమ్మా పని చూసుకో అంటారు. ఆ మాటను ఉన్నదున్నట్టు పాటించే మనిషి ఇంతవరకూ ఆయనకు తగల్లేదు.

"మంచిది బావగారూ," అంది కమలిని.

చెంగు నడుముకు దోపుకుని, చెప్పులేసుకుని, వీధి తిన్నె మీదికి వెళ్లి కూర్చుంది. వెన్ను గోడకు ఆనించింది. కాళ్లు చాపింది. అటుగా పోతున్న పాలాయన పలకరిస్తే, "ఈ పొద్దు నాకు సెలవప్పా," అంది.

లోపల అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"స్టవ్ మీద పాలుండాయి," అని తిన్నె మీంచి కేక వేసింది. "పొంగుతాయి."

వాసుదేవ్ పరిగెత్తాడు. అప్పటికే పొంగాయి. మాడు వాసన వీధిలోకి వచ్చింది. కమలిని కదల్లేదు. కదలకుండా ఉండటానికి రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకోవలసి వచ్చింది. ఆ సంగతి లోపలివాళ్లకు కనబడలేదు.

"కమలీ," అని పిలిచింది వకుళాదేవి.

తిన్నె పక్కనే ఆ గది కిటికీ. కమలిని లేచి చువ్వల దగ్గర నిలబడింది. "నేను మైలంట అత్తయ్యా. లోపలికి రాకూడదంట. బావగారు ఉండారు, ఆయన చేస్తారు."

దేవనాథన్ గదిలోకి వచ్చారు. తల్లిని చూడ్డానికి ఆయన ఎప్పుడొచ్చినా ఆమె తల దువ్వి, శుభ్రమైన చీర కట్టి, దిండ్లకు ఆనించి ఉండేది. ఇప్పుడు జుట్టు రేగి ఉంది. నోటి మూల నుంచి చొంగ కారుతోంది. దుప్పటి నలిగి ఒక పక్కకు జారిపోయింది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

"పొద్దున ముందు పక్క మార్చాల," అంది కిటికీలోంచి కమలిని. గొంతులో ఎగతాళి లేదు, ఉన్న పని చెబుతోంది. "ఎడమ చెయ్యి నలగకుండా చూడండి. ఆ చేతికి స్పర్శ లేదు, నలిగినా అత్తయ్యకు తెలియదు. వీపు కింద ఒరిసిపోయిందేమో చూసి పౌడరు వెయ్యాల. దానికంటే ముందు బెడ్‌పాన్ పెట్టాల. మంచం కింద ఉండాది."

దేవనాథన్ ఒక అడుగు వెనక్కి వేశారు. "నేను మడిలో ఉండాను."

"తెలుసు బావగారూ. రోజూ నేనూ మడిలోనే ఉంటాను. అది చేస్తాను, మళ్లీ పోసుకుంటాను, పెరుమాళ్లకు వండుతాను, మళ్లీ అది చేస్తాను. ఎన్ని నీళ్లు పోసుకుంటానో ఆ బావికే తెలియాల."

తల్లి కుడి చెయ్యి దుప్పటిని పట్టుకుని లాగుతోంది. అవసరం తోసుకొస్తోంది, నోటితో చెప్పలేకపోతోంది. కొడుకు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు వాసుదేవ్ వచ్చాడు. అన్నను పక్కకు జరిపి, మంచం కిందికి వంగి పాన్ తీశాడు.

"చెప్పు," అన్నాడు కిటికీ వైపు చూడకుండా. "ముందు యాడ పట్టుకోవాల?"

"భుజం కింద చెయ్యి పెట్టండి. లాగొద్దు, దొర్లించండి. అత్తయ్యా, కుడి కాలు మడవండి. ఆఁ, అట్లా."

మొదటిసారి సరిగా కుదరలేదు. పక్క తడిసింది. మళ్లీ దుప్పటి మార్చవలసి వచ్చింది. తుడవడం రాలేదు, నేర్పించింది. వకుళాదేవి కళ్లు మూసుకుంది. కొడుకు చేతుల్లో ఆ పని జరగడం ఆమెకూ కష్టంగానే ఉంది. అంతా అయ్యేసరికి వాసుదేవ్ చొక్కా చెమటకు తడిసిపోయింది. వచ్చి తిన్నె మీద భార్యకు కాస్త దూరంగా కూర్చున్నాడు.

"రోజూ ఇదంతా నువ్వేనా?"

"రోజూ చూస్తానే ఉండారు కదా."

"చూసినాను," అన్నాడు వాసుదేవ్.

ఆమె జాలిపడలేదు. ఇంత కాలానికి ఒక పూట చేసినందుకు మెచ్చుకోవాలనీ అనిపించలేదు. కాని ఆయన చేతులు ఇంకా తడిగా ఉంటే చూసి, చెంగు చివర చేతికిచ్చింది, తుడుచుకోమని.

దేవనాథన్ గుమ్మంలోకి వచ్చారు. ఉత్తరీయం సర్దుకున్నారు. "సరే. అమ్మ కష్టపడతా ఉండాది. ఆపద్ధర్మం కింద నువ్వు వచ్చి ముట్టుకో. దోషం లేదు."

"అదెట్లా బావగారూ? పుణ్యాహవచనం కాకనే మైల పోతుందా? పాన్ కాడికి వచ్చేసరికి నా చేతులు శుద్ధమైపోయినాయా?"

"కమలినీ!"

"నేను రాను. నా సాయంత్రం నాది, దాని జోలికి ఎవరూ రారు అని మీ నోటితో చెప్పండి, ఇప్పుడే లేచి వస్తాను. అది చెప్పలేకపోతే ఆదివారం దాకా నేను తిన్నె మీదనే. మీ తీర్పును మీకంటే బాగా పాటిస్తాను."

ఆయన మొహం ఎర్రబడింది. చెప్పలేరు. చెబితే వీధి వీధంతా ఏమంటుంది, గోష్ఠిలో ఏమంటారు. చెప్పకపోతే లోపల అమ్మ. అటూ ఇటూ కాకుండా గుమ్మంలో నిలబడిపోయారు.

లోపల్నుంచి ముద్దగా ఒక మాట వచ్చింది. ముగ్గురూ చెవి ఒగ్గారు. వకుళాదేవి రెండోసారి ఇంకాస్త గట్టిగా అంది.

"నల్లోడు... పెరుగన్నం తిన్నాడా?"

వాసుదేవ్ గదిలోకి వెళ్లాడు. వెనకే దేవనాథన్. "నల్లోడెవరమ్మా?"

"నా గిన్నెలోది... రోజూ మిగిలిస్తా. వాడికి." ఒక్కో మాటా కూడదీసుకుని అంటోంది. "నేనే... పొమ్మన్నా కమలిని. ఏడుస్తా ఉండె. పళ్లెం ఇసిరి కొట్టె. పో అన్నా. కాసేపు యాడికైనా పో."

కిటికీ అవతల కమలిని కళ్లు నిండాయి. పళ్లెం సంగతి ఈ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లకే తెలుసు. ఆ రోజు నుంచి రాత్రుళ్లు అత్తగారి కాళ్లు ఒత్తుతూ గట్టు మీది కబుర్లన్నీ చెబుతూ వచ్చింది. గుండు ఎవరిమీద అరిచింది, మౌని ఎక్కడ ఆగి నీళ్లు తాగాడు, రూతు ఏమంది. ఆ కబుర్ల కోసం పెద్దావిడ పగలంతా కాచుకునేది.

"అమ్మా, నీకు తెలిసేనా?" అన్నారు దేవనాథన్. "కుక్కమ్మా అది."

"దేవా," అంది వకుళాదేవి. "నేను... బతికుండేది కోడలి చేతుల్లో. నీ మడిలో కాదు."

ఆ మాట తర్వాత ఆమె కాసేపు ఊపిరి పీల్చుకుంది. తర్వాత కుడి చెయ్యి ఎత్తి వీధి వైపు చూపించింది. "నన్నూ తీసుకుపో. గట్టుకు."

ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు కొన్న చక్రాల కుర్చీ వరండాలో ఉంది. ఇన్నాళ్లూ దాని మీద దుప్పట్లు ఆరేస్తున్నారు. సాయంత్రం గంగులమ్మ వచ్చేసరికి వాసుదేవ్ దాన్ని తుడిచి, దిండు వేసి, తల్లిని ఎత్తి కూర్చోబెడుతున్నాడు.

"యాడికమ్మా ఊరేగింపు?" అంది గంగులమ్మ నోరు తెరిచి.

"గట్టుకు," అంది వకుళాదేవి, దర్జాగా.

కమలిని తిన్నె దిగి వచ్చి కుర్చీ వెనక పిడి పట్టుకుంది. "అత్తయ్యను ముట్టలా బావగారూ. కుర్చీని ముట్టినాను. ఇనుముకు మైల లేదు కదా?"

దేవనాథన్ గుమ్మంలో అడ్డం నిలబడదామనుకున్నట్టు ఒక అడుగు వేశారు. తల్లి తలెత్తి చూసింది. పక్కకు జరిగారు.

వీధి వీధంతా చూసింది. గేట్ల దగ్గర, మిద్దెల మీద ఆడవాళ్లు నిలబడ్డారు. ఒకావిడ "బాగుండారా వకుళమ్మా?" అని అడిగితే పెద్దావిడ కుడి చెయ్యి ఊపింది. రాళ్లొచ్చిన చోట వాసుదేవ్ ముందు చక్రాలు ఎత్తాడు. దేవనాథన్ రానన్నారు. కాని కాస్త ఎడంగా, ఈ గుంపుతో తనకు సంబంధం లేనట్టు, వెనకే వస్తున్నారు. అమ్మ కింద పడుతుందేమోనని అని ఒకసారి తనలో తను అనుకున్నట్టు పైకే అన్నారు.

గట్టెక్కాక గాలి మారింది. మడుగుల్లో ఆకాశం ఎర్రగా ఉంది. వకుళాదేవి ఆ నీళ్ల వైపు చూస్తూ కూర్చుంది. మంచం చుట్టూ గోడలు తప్ప ఇంకేమీ చూడని కళ్లకు అంత దూరం ఒక్కసారిగా దొరికింది. కమలిని ఆమె కొంగు సర్ది, చెవుల మీదికి శాలువ కప్పింది. ముట్టుకుంటున్నానని ఆమెకు గుర్తు లేదు. గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేదు.

తోపులోంచి రూతు వచ్చింది, రెండు తాళ్లతో. "అమ్మా, మీరా వకుళమ్మ! రాండి రాండి. వీళ్లు పొద్దుట్నుంచీ కాసుకోని ఉండారు."

గుండు కుర్చీ చుట్టూ తిరిగి అరవడం మొదలుపెట్టింది. వకుళాదేవి నవ్వింది, సగం మొహంతో. "నల్లోడేడీ?"

మౌని ఆగిపోయి ఉన్నాడు. వాసుదేవ్‌ను చూసి భయపడ్డాడేమోనని కమలిని తాడు అందుకుని, "ఏం లేదురా, మనవాళ్లే," అంది. ఎప్పటిలా కాళ్ల వెనక్కి వస్తాడని చూసింది.

రాలేదు. వాడి చెవులు నిక్కాయి. చూపు కుర్చీ మీద లేదు, వాసుదేవ్ మీదా లేదు. వాళ్లను దాటి, వెనక ఎడంగా నిలబడ్డ మనిషి మీద ఉంది. గొంతులోంచి సన్నటి మూలుగు వచ్చింది. రూతు "ఏందిది, ఎప్పుడూ నోరెత్తనోడు," అనేలోపలే కమలిని చేతిలోంచి తాడు జారిపోయింది.

వాడు పరిగెత్తాడు. తోక ఒక్కటే కాదు, ఒళ్లంతా ఊగిపోతోంది. దేవనాథన్ మడి పంచె అంచుకు బెత్తెడు దూరంలో ఆగాడు. కూర్చున్నాడు. ఎవరూ అడక్కుండానే కుడి ముందుకాలు ఎత్తి, ఆయన ముందు చాపాడు. గట్టు మీద ఎవరికీ ఎప్పుడూ వాడు అలా కాలు ఇచ్చింది లేదు.

దేవనాథన్ కళ్లు వాడి మీంచి కదలడం లేదు. ఆయన చెయ్యి దానంతట అదే సగం దాకా ముందుకు వచ్చి, అక్కడ ఆగిపోయింది.

కమలిని మెల్లగా నడిచి వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

"బావగారూ," అంది. "వీడి అసలు పేరేంది?"